చిత్రంలో శ్లేష

బల్లపై అమర్చిన పండ్లు, పాత్రలు, పూలు, పుస్తకాలు మొదలైన కదలని వస్తువులను చిత్రించే సంప్రదాయం ఐరోపాలో శతాబ్దాలుగా ఉంది. దీనిని ఆంగ్లంలో 'స్టిల్ లైఫ్' అంటారు. తెలుగులో నిశ్చలచిత్రం అనవచ్చు. పదిహేడవ శతాబ్దపు డచ్చి చిత్రకారులు సగం ఒలిచిన నిమ్మపండును, గాజుపాత్రపై మెరిసే వెలుగును చేయి చాచి తాకాలనిపించేటంత సహజంగా చిత్రించారు. చదునైన గుడ్డపై లోతు ఉన్నదని కన్నును నమ్మించడమే ఆ కళలోని నేర్పు. ఆ నమ్మకం నిలవాలంటే ఒక నియమం తప్పనిసరి. చూసేవాడు ఒకేచోట నిలబడి, ఒకే క్షణంలో చూస్తున్నట్టుగా చిత్రమంతా సాగాలి.

మనుషులు నిజంగా అలా చూస్తారా? బల్లమీది గ్లాసునే తీసుకుందాం. పైనుంచి చూస్తే దాని అంచు గుండ్రని వలయం. పక్కనుంచి చూస్తే అదే అంచు ఒక అడ్డగీత. కూర్చుంటూ, లేస్తూ, అటూ ఇటూ కదులుతూ చూసిన ఈ రూపాలన్నీ మనసులో చేరి 'గ్లాసు' అనే ఎరుక కలుగుతుంది. ఒక్క చోటి నుంచి కనిపించిన రూపం ఆ ఎరుకలో ఒక పాలు మాత్రమే. సెజాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు తన నిశ్చలచిత్రాలలో ఈ సంగతిని గుర్తించి, ఒకే బల్లను కొంత పైనుంచి, కొంత ఎదుటినుంచి చూసినట్టు చిత్రించాడు. ఆయన 1906లో మరణించాడు. మరుసటి ఏడాది పారిస్‌లో జరిగిన ఆయన చిత్రాల ప్రదర్శన యువ చిత్రకారులను కదిలించింది. వారిలో స్పెయిన్‌లో పుట్టిన పాబ్లో పికాసో, ఫ్రాన్సుకు చెందిన జార్జ్ బ్రాక్ ముఖ్యులు.

1908లో బ్రాక్ పంపిన ప్రకృతి చిత్రాలను పారిస్‌లోని శరత్కాల ప్రదర్శన నిర్ణేతలు తిరస్కరించారు. అవి వేరొకచోట ప్రదర్శితమైనప్పుడు, ఇళ్లతో సహా అన్నింటినీ ఘనాలుగా మార్చివేశాడని లూయీ వోక్సెల్ అనే విమర్శకుడు వ్రాశాడు. ఘనాన్ని ఆంగ్లంలో 'క్యూబ్' అంటారు. ఎత్తిపొడుపుగా పుట్టిన 'క్యూబిజం' అనే ఆ మాటే చివరకు ఉద్యమానికి పేరుగా స్థిరపడింది.

తరువాతి మూడేళ్లలో పికాసో, బ్రాక్‌లు వస్తువును మరింత సన్నని పలకలుగా విడదీశారు. రంగులను గోధుమ, బూడిద ఛాయలకు తగ్గించారు. ఈ దశలోని కొన్ని చిత్రాలలో ఏ వస్తువు ఉన్నదో పేరు చదవనిదే బోధపడదన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఆ చిక్కును చిత్రకారులూ గుర్తించినట్టే కనిపిస్తుంది. 1911లో బ్రాక్ చిత్రంలో అచ్చు అక్షరాలను చేర్చాడు. అక్షరానికి ముందు వెనుకలు లేవు. అది చదునుగానే ఉంటుంది. ముక్కలైన రూపాల మధ్య చూపరికి అదొక పట్టుకొమ్మ.

1912లో పికాసో చేసిన 'పేము అల్లిక కుర్చీతో నిశ్చలచిత్రం' ఇంకొక అడుగు ముందుకు వేసింది. అది ఇరవైతొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు, ముప్పైఏడు సెంటీమీటర్ల వెడల్పు గల అండాకారపు చిన్న చిత్రం. పటం కట్టడానికి చట్రానికి బదులు చుట్టూ నిజమైన తాడును బిగించాడు. లోపల పలకలు పలకలుగా విడిపోయిన గ్లాసు, పొగ పీల్చే గొట్టం, కత్తి, నిమ్మచెక్క, ఆల్చిప్ప కనిపిస్తాయి. వెంటనే కనిపిస్తాయని కాదు, వెదికితే కనిపిస్తాయి. కింది భాగంలో మాత్రం కుర్చీ పేము అల్లిక ప్రతి కన్నుతో సహా స్పష్టంగా ఉంటుంది. చూసినవారు ఆ ఒక్క భాగాన్నే 'అచ్చం నిజంలా గీశాడు' అని మెచ్చుకోవచ్చు. కానీ పికాసో దానిని గీయనేలేదు! పేము అల్లిక నమూనా యంత్రంతో అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను తెచ్చి అతికించి, దానిపై అక్కడక్కడ రంగు పూశాడు. కన్నును మోసగించే పని కర్మాగారానికి వదలివేశాడన్నమాట. చిత్రకారుడు స్వయంగా గీసిన గ్లాసు గ్లాసులా లేదు. నిజమనిపించే పేము నిజం కాదు. నిజమైన తాడేమో చట్రం వేషంలో ఉంది.

ఇక పైభాగంలో మూడు ఫ్రెంచి అక్షరాలున్నాయి. వాటిని కలిపి 'జూ' అని పలకాలి. వార్తాపత్రికను ఫ్రెంచిలో 'జూర్నాల్' అంటారు. ఆ అక్షరాలు దాని తొలి భాగం కనుక బల్లపై మడిచిన పత్రిక ఉన్నదని ఊహించవచ్చు. 'ఆడుట' అనే అర్థమిచ్చే 'జూయే' అనే క్రియ కూడా అవే అక్షరాలతో మొదలవుతుంది. కనుక ఇదంతా ఒక ఆట అన్న సూచనా ఉంది. తెలుగు కావ్యాలు చదివినవారికి ఇది కొత్త కాదు, ఇది శ్లేష. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన 'రాఘవపాండవీయము'లో అవే పద్యాలలో రామాయణ, భారత కథలను రెండింటినీ నడిపించాడు. పదాన్ని ఒకచోట విరిస్తే రామకథ, మరొకచోట విరిస్తే పాండవకథ. ఆ పద్యం వెంటనే అర్థం కాకపోతే పాఠకుడు కవిని తప్పుపట్టడు, మళ్లీ చదువుతాడు. క్యూబిస్టు చిత్రం కోరేదీ ఆ మాత్రపు ఓపికనే.

అయితే పోలికకు ఒక హద్దు ఉంది. సూరన పద్యంలో రెండు అర్థాలూ పూర్తిగా సిద్ధంగా ఉంటాయి, విప్పుకోవడమే పాఠకుని పని. పికాసో చిత్రంలో కొన్ని ముడులు విడిపోవు. ఆ అండాకారం ఫలహారశాలలోని బల్ల పైభాగమా? తాడు ఆ బల్ల అంచున చెక్కిన నగిషీయా? బల్ల గాజుదై, కింద ఉన్న కుర్చీ దాని గుండా కనిపిస్తోందా? లేక కుర్చీనే బల్లగా వాడుకున్నారా? విమర్శకులు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పారు. వీటిలో దేనినీ చిత్రం తోసిపుచ్చదు, దేనికీ పూర్తిగా లొంగదు.

అదే ఏడాది సెప్టెంబరులో బ్రాక్ చెక్క నమూనా అచ్చువేసిన గోడకాగితాన్ని కత్తిరించి తన బొగ్గు చిత్రంపై అతికించాడు. ఇళ్లకు రంగులు వేసే కుటుంబంలో పుట్టి, ఉత్తుత్తి చెక్కనూ చలువరాతినీ రంగుతో సృష్టించే పని చిన్ననాడే నేర్చినవాడు ఆయన. 1914 ఆగస్టులో బ్రాక్ యుద్ధానికి వెళ్లడంతో ఇద్దరూ కలిసి చేసిన కృషి ఆగిపోయింది. పేము అల్లిక చిత్రాన్ని పికాసో తన వద్దనే ఉంచుకున్నాడు. 1973లో ఆయన మరణించిన తరువాత అది ఫ్రెంచి ప్రభుత్వానికి చెంది, పారిస్‌లోని పికాసో ప్రదర్శనశాలకు చేరింది.