మిణుగురు స్క్విడ్, కొంబు నాచు

బాలలారా! వానకాలపు రాత్రులందు చెట్లపై మెరయు మిణుగురు పురుగులను మీరు చూచియుందురు. సముద్రములోను అట్లు మెరయు ప్రాణి యొకటి కలదు. జపాను దేశమునందలి తొయామా అఖాతమున దానిని 'హొతారు ఇకా' అందురు. మిణుగురు స్క్విడ్ అని దాని యర్థము. స్క్విడ్ చేప కాదు. మెత్తని దేహమును, నోటిచుట్టు చేతులును గల ప్రాణి, నత్తలకు దూరపు చుట్టము. ఈ చిన్న స్క్విడ్ పొడవు ఇంచుమించు 7 సెంటీమీటర్లే. ఆయువు ఒక్క యేడు.

ఆ తొయామా ప్రజలకు మిక్కిలి ప్రియమైన మరియొక సముద్రాహారము 'కొంబు' అను గోధుమవన్నె నాచు. అది అచట పెరిగినది కాదు. పూర్వము తెరచాప ఓడలు ఉత్తరమున నున్న హొక్కైదో ద్వీపమునుండి దానిని ఎండిన రూపమున తెచ్చెడివి.

కొంబు సూర్యకాంతితో తన యాహారమును తానే సిద్ధపరచుకొనును. కావున లోతులేని నీటిలోని రాళ్లను విడువదు. వేళ్లవలె కనబడు భాగము రాతిని పట్టుకొనుటకే గాని నీరు పీల్చుటకు గాదు. పచ్చని పదార్థము దానిలోను కలదు. ఫ్యూకోజాంథిన్ అను వర్ణకము ఆ పచ్చదనమును కప్పివేయును. నేను బడిలో పాఠములు చెప్పు దినములలో దీనిని మొక్క యనియే చెప్పితిని. అది పొరపాటు. గోధుమవన్నె నాచులు మొక్కల వంశమునకు దూరమైన వేరొక శాఖకు చెందినవి.

కొంబు వెలుగును గ్రహించి బ్రదుకగా, స్క్విడ్ వెలుగును పుట్టించి ప్రాణము కాపాడుకొనును. పగలు అది వందలకొలది మీటర్ల లోతున నుండును. అచటికి పైనుండి మసక వెలుతురు మాత్రమే దిగును. క్రిందనుండి చూచు శత్రువునకు దాని దేహము నీడవలె కనబడవలెను గదా! కాని పొట్టవైపున నున్న వందలాది వెలుగుచుక్కలు పైనుండి దిగు కాంతికి సరిపోవు కాంతిని వెదజల్లి ఆ నీడను మాపివేయును. మనము దాగుటకు దీపమార్పుదుము. ఇది దీపము వెలిగించి దాగును! తాకినంతనే చేతుల కొనలందలి పెద్ద దీపములు నీలకాంతితో తళుక్కుమనును.

వసంతకాలపు రాత్రులందు ఆడ స్క్విడ్లు గుంపులుగా తీరమును సమీపించి, గ్రుడ్లు పెట్టి, మరణించును. కొన్ని ఒడ్డునకు కొట్టుకొనివచ్చి అలల యంచున వెలుగుచు ప్రాణములు విడుచును. జపాను ప్రభుత్వము 1952లో ఆ సముద్రతలమును విశిష్ట ప్రకృతి స్మారకముగ ప్రకటించినది. స్క్విడ్లను పట్టి భుజించుట మాత్రము నేటికిని సాగుచునే యున్నది.

ఇక వింత యేమన, ఈదగల స్క్విడ్ పెట్టిన గ్రుడ్లు జిగురు దండలుగ ఎటు కొట్టుకొనిపోయిన అటు పోవును. కదలలేని కొంబునుండి వెలువడు సూక్ష్మబీజములు మాత్రము సన్నని తోకలాడించుచు, తమకు తగిన రాతిని వెదకికొనుచు ఈదుచుండును.