మైనస్ 40 డిగ్రీల్లో గంటల తరబడి కదలకుండా వేట.. ఇన్యూట్‌లు చలిని ఎలా తట్టుకుంటారు? చలి కన్నా చెమటే పెద్ద ప్రమాదమా?

లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతే మనకు అదో పెద్ద వార్త. ఆదిలాబాద్‌లో 5 డిగ్రీలు నమోదైతే జనం చలిమంటలు వదిలి కదలరు. కానీ కెనడా ఉత్తర కొసన ఉన్న నునావుట్‌లో జనవరి వచ్చిందంటే మైనస్ 30, మైనస్ 40 డిగ్రీలు మామూలే. సముద్రం కూడా గడ్డకట్టిపోతుంది. అంతటి చలిలో అక్కడి ఇన్యూట్ వేటగాళ్లు మంచు మీద నిలబడి గంటల తరబడి సీల్ కోసం ఎదురుచూసేవాళ్లు. ఇప్పటికీ అక్కడ చాలా కుటుంబాలకు వేట సరదా కాదు, అన్నం. మరి వాళ్లు గడ్డకట్టుకుపోకుండా ఎలా ఉండగలిగారు? దీని వెనక ఉన్న అసలు రహస్యం ఏంటో చూద్దాం.

నడిస్తే చెమట.. ఆగితే వణుకు

చలికాలంలో వేటకు వెళ్లేవాళ్లకు ఉన్న చిక్కు మిగతావాళ్లకు ఉండదు. ముందు చాలా దూరం నడవాలి, బరువులు లాగాలి. అప్పుడు ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. ఆ తర్వాత జంతువు వచ్చేదాకా చప్పుడు చేయకుండా, కదలకుండా ఉండాలి. అప్పుడు శరీరంలో వేడి పుట్టడం తగ్గిపోతుంది. నడిచేటప్పుడు పట్టిన చెమట మాత్రం బట్టల్లోనే ఉండిపోతుంది.

ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే. గాలితో పోలిస్తే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా శరీరంలోని వేడిని లాగేస్తుంది. బట్టల పోగుల మధ్య నిలిచిన గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. ఆ గాలి ఉండాల్సిన చోట చెమట చేరితే ఎంత మందపాటి కోటు వేసుకున్నా ఉపయోగం ఉండదు. మైనస్ 40లో ఆ తడి కాస్తా బట్టల్లోనే మంచుగా మారుతుంది. అందుకే ఆర్కిటిక్‌లో పాటించే మొదటి నియమం 'వెచ్చగా ఉండు' అని కాదు, 'చెమట పట్టనివ్వకు' అని.

శరీరంలో ఏం జరుగుతుంది?

మన శరీరం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. చలి పెరిగితే శరీరం ముందుగా గుండె, మెదడు లాంటి ముఖ్యమైన అవయవాలను కాపాడుకుంటుంది. అందుకోసం చేతులు, కాళ్లు, ముక్కు, చెవులకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. వేళ్లు ముందుగా మొద్దుబారేది అందుకే. చర్మం, దాని కింది కండ గడ్డకడితే దాన్ని ఫ్రాస్ట్‌బైట్ అంటారు. ముదిరితే వేళ్లు తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు.

లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడిపోతే అది హైపోథెర్మియా. మొదట గట్టిగా వణుకు వస్తుంది. తర్వాత మాట తడబడుతుంది, చేతిలో వస్తువులు జారిపోతాయి, ఆలోచన మందగిస్తుంది. ఇంకా దిగితే వణుకు ఆగిపోతుంది. అది తేరుకుంటున్నట్టు కాదు, శరీరం చేతులెత్తేస్తున్నట్టు.

దీనికి గాలి కూడా తోడైతే పరిస్థితి ఇంకా ఘోరం. ఉష్ణోగ్రత మైనస్ 30 ఉండి, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 46 దాకా అనిపిస్తుంది. అలాంటప్పుడు కప్పుకోని చర్మం 10 నిమిషాల్లోపే గడ్డకట్టే ప్రమాదం ఉంది.

మంచులో చిన్న రంధ్రం.. గంటల నిరీక్షణ

సీల్ నీళ్లలో బతికినా ఊపిరి కోసం పైకి రావాల్సిందే. సముద్రం గడ్డకట్టేటప్పుడు అది తన గోళ్లతో మంచును గీకుతూ కొన్ని రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకుంటుంది. వీటిని ఇన్యూట్‌లు 'అగ్లు' అంటారు. పైన మంచు కప్పేయడంతో అవి కంటికి కనిపించవు. పాత రోజుల్లో కుక్కలు వాసన పట్టి చూపిస్తే, వేటగాడు రంధ్రంలో సన్నటి ఎముక పుల్లనో, ఈకనో పెట్టేవాడు. సీల్ పైకి వస్తే అది కదులుతుంది. ఆ క్షణంలోనే ఈటె దించాలి.

ఒక్కో సీల్‌కు ఇలాంటి రంధ్రాలు చాలా ఉంటాయి. ఏ రంధ్రానికి ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే వేటగాడు నడుము వంచి గంటలు గంటలు, ఒక్కోసారి రోజంతా నిలబడాల్సి వచ్చేది. కాళ్ల కింద బొచ్చు తోలు ముక్క పరుచుకునేవాడు. దీంతో రెండు లాభాలు. మంచు చలి పాదాలకు ఎక్కదు, అడుగు కదిలినా మంచు కిరకిరమనదు. సీల్‌కు చెవులు చాలా చురుకు మరి. కదిలితే తిండి పోతుంది, కదలకపోతే ఒళ్లు చల్లబడుతుంది. ఈ రెండింటి మధ్య వేటగాడి ప్రాణాన్ని నిలబెట్టింది అతడి ఒంటి మీది దుస్తులే.

కారిబూ తోలులో ఏముంది?

కారిబూ అంటే ఉత్తర అమెరికాలో ఉండే రెయిన్‌డీర్. దాని వెంట్రుకల లోపల బోలెడన్ని గాలి గదులు ఉంటాయి. ఆ వెంట్రుకల కింద ఒత్తుగా మెత్తటి బొచ్చు మరో పొర. అంటే తోలు తక్కువ బరువే ఉన్నా దాని నిండా గాలి నిలిచి ఉంటుంది. అందుకే అది అంత వెచ్చన.

అయితే ఏ కాలంలో దొరికిన తోలు అయినా పనికిరాదు. వేసవి చివర, శరదృతువు మొదట్లో దొరికే తోలు బొచ్చు పొట్టిగా, ఒత్తుగా ఉంటుంది కాబట్టి బట్టలకు అదే వాడతారు. నడి చలికాలపు తోలు మరీ మందం. దాన్ని పరుపుగా వేసుకుంటారు.

చలి బాగా ఉన్నప్పుడు రెండు పొరలు వేసుకుంటారు. లోపలి కోటు బొచ్చు ఒంటి వైపు, పైకోటు బొచ్చు బయటి వైపు ఉంటుంది. రెండింటి మధ్య మరో గాలి పొర ఏర్పడుతుంది. హుడ్ అంచుకు తోడేలు లేదా వోల్వరీన్ బొచ్చు కుడతారు. ఊపిరిలోని తేమ దాని మీద మంచులా పేరుకున్నా చేత్తో దులిపితే రాలిపోతుంది.

బొత్తాలు లేని కోటు.. కారణం ఇదే

సంప్రదాయ ఇన్యూట్ కోటుకు ముందు చీలిక ఉండదు, బొత్తాలు ఉండవు. తల మీంచి తొడుక్కోవాలి. వేడి గాలి పైకే పోతుంది కదా, మెడ దగ్గర బిగుతుగా ఉంటే అది లోపలే ఉండిపోతుంది. నడిచేటప్పుడు ఒళ్లు వేడెక్కిందనుకోండి, హుడ్ వెనక్కి తోసి మెడ దగ్గర వదులు చేస్తే చాలు, వేడి బయటికి పోతుంది. చెమట పట్టకముందే ఈ పని చేయాలి. కోటు వదులుగా ఉంటుంది కాబట్టి చేతులు మొద్దుబారితే వాటిని లోపలికి లాక్కుని ఒంటికి ఆనించుకోవచ్చు.

ఇంటికి వచ్చాక కూడా ఒక పద్ధతి ఉంది. లోపలికి వెళ్లకముందే బట్టల మీది మంచును కర్రతో కొట్టి దులిపేస్తారు. లేదంటే అది లోపల కరిగి తోలు తడిసిపోతుంది, మర్నాటికి గట్టిపడుతుంది. తడిసిన చేతి తొడుగులు, బూట్లను సీల్ నూనెతో వెలిగే 'కుల్లిక్' అనే రాతి దీపం పైన ఆరబెట్టేవాళ్లు. ఇగ్లూలో పడుకునే అరుగు ఎత్తులో, లోపలికి వచ్చే దారి కింద ఉండేది. చల్లగాలి కిందే ఆగిపోయి, వెచ్చటి గాలి పడుకునే చోట నిలిచేది.

కుట్టు ఊడితే ప్రాణం మీదికే

వేటగాడి ధైర్యం గురించి అందరూ చెప్పుకుంటారు. కానీ అతడు తిరిగి ఇంటికి వచ్చాడంటే ఆ గొప్పతనంలో సగం ఇంట్లో ఆడవాళ్ల సూదిదే. తోలును గీకి, నమిలి మెత్తబరిచింది వాళ్లే. కారిబూ వెన్ను దగ్గరి నరాల నారతో దారం పేని కుట్టిందీ వాళ్లే. తడి తగిలితే ఈ నార ఉబ్బి, సూది వేసిన రంధ్రాలను మూసేస్తుంది. అందుకే సీల్ తోలు బూట్లలోకి నీళ్లు దిగవు. ఒక్క కుట్టు వదులైనా గాలి, తడి లోపలికి చేరతాయి. ఊరికి ఎన్నో మైళ్ల దూరంలో మంచు మీద ఉన్న మనిషికి అది వేలు పోవడమో, ప్రాణం పోవడమో.

ఇక తిండి విషయానికొస్తే, కొవ్వే అసలైన ఇంధనం. ఒక గ్రాము కొవ్వు నుంచి సుమారు 9 క్యాలరీలు వస్తే, పిండి పదార్థాల నుంచి 4 మాత్రమే వస్తాయి. సీల్ కొవ్వు అక్కడ మనిషికి భోజనం, దీపానికి చమురు కూడా.

ధ్రువ యాత్రికుడికి పాఠం చెప్పింది వీళ్లే

నార్వే యాత్రికుడు రోల్డ్ అముండ్‌సెన్ 1903 నుంచి 1905 దాకా కింగ్ విలియం దీవిలో, ఇప్పటి జోవా హేవెన్ దగ్గర మకాం వేశాడు. అక్కడి నెట్సిలిక్ ఇన్యూట్‌ల నుంచి తోలు దుస్తుల సంగతులు, కుక్కల బండి నడపడం, మంచు ఇల్లు కట్టడం నేర్చుకున్నాడు. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువాన్ని మొట్టమొదట చేరిన బృందం అతడిదే. ఆ గెలుపు వెనక చాలా కారణాలు ఉన్నా, నెట్సిలిక్‌ల దగ్గర నేర్చుకున్న పాఠాలు అందులో ముఖ్యమైనవి.

అంతకు ముందు అదే కింగ్ విలియం దీవి పరిసరాల్లో జాన్ ఫ్రాంక్లిన్ యాత్ర విషాదంగా ముగిసింది. 1845లో రెండు ఓడల్లో బయల్దేరిన ఆ యాత్రలో 129 మంది చనిపోయారు. ఆకలి, జబ్బులు, చలి అన్నీ కలిసి వాళ్లను బలి తీసుకున్నాయి. ఇన్యూట్ కుటుంబాలు తరతరాలుగా పిల్లల్ని పెంచుకున్న నేల అది.

ఇప్పుడు ఏం మారింది?

ఇప్పుడు వేటకు స్నోమొబైల్, తుపాకీ వచ్చాయి. వాటితో కొత్త చిక్కులూ వచ్చాయి. స్నోమొబైల్ వేగానికి ఎదురుగాలి తోడై ముఖం త్వరగా గడ్డకడుతుంది. ఊరికి దూరంగా బండి ఆగిపోతే నడకే గతి. తుపాకీని వెచ్చటి గదిలోకి తెస్తే దాని మీద తేమ పడుతుంది, మళ్లీ బయటికి తీసుకెళితే ఆ తేమ గడ్డకట్టి పనిచేయదు. అందుకే చాలామంది దాన్ని చలిలోనే వదిలేస్తారు. ఫ్యాక్టరీ జాకెట్లు వచ్చినా, దూర ప్రయాణాలకు కారిబూ తోలునే నమ్ముకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ తోలు దొరకడమే కష్టమవుతోంది. కారిబూల సంఖ్య బాగా పడిపోవడంతో 2015లో బాఫిన్ దీవిలో వాటి వేటను కొంతకాలం పూర్తిగా ఆపేశారు. తోలు లేకపోతే కుట్టే పని ఉండదు, పని లేకపోతే ఆ విద్య తర్వాతి తరానికి అందదు.

చలి దేశాల్లోని తెలుగువాళ్లకు పనికొచ్చేవి

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. కానీ కెనడా, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు ఈ పాఠాలు రోజూ పనికొస్తాయి. బస్ కోసం పరుగెత్తి, ఆ తర్వాత స్టాప్‌లో అరగంట నిలబడేవాళ్లది కూడా వేటగాడి పరిస్థితే.

* ఒంటికి ఆనే పొరగా కాటన్ వద్దు. అది చెమటను పీల్చుకుని అలాగే ఉంచుకుంటుంది. ఉన్ని లేదా చెమటను బయటికి పంపే సింథటిక్ బట్ట మంచిది.
* ఒక్క మందపాటి కోటు కన్నా మూడు పొరలు మేలు. నడిచేటప్పుడు ఒకటి తీసి, ఆగగానే వేసుకోవాలి.
* బూట్లు బిగుతుగా ఉండకూడదు. రెండేసి సాక్స్‌లు కుక్కితే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి.
* మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ, రక్తం చర్మం వైపు వచ్చి లోపలి వేడి బయటికి పోతుంది.
* వేళ్లు తెల్లబడి మొద్దుబారితే రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. వెచ్చటి చోటికి చేరి 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో ఉంచాలి. మళ్లీ చలిలోకి వెళ్లాల్సి వస్తే మాత్రం అప్పుడే కరిగించొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం తప్పనిసరి.
* ఎవరైనా తడబడుతూ మాట్లాడుతుంటే, వణుకు ఉన్నట్టుండి ఆగిపోతే వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేయాలి. తడి బట్టలు తీసేసి పొడి దుప్పట్లు చుట్టాలి.