మూడు సంచులు, ఒక బిడ్డ

గత వర్షాకాలంలో గృహదర్శనాలకు వెళ్లినప్పుడు మా సంఘంలోని ఒక తల్లి ఎనిమిదేళ్ల కూతురిని వీపున మోస్తూ ఎదురైంది. పాపకు పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయాయి. సండేస్కూలు వాక్యాలు గడగడా అప్పజెబుతుంది. కానీ తల్లికి నడుము పట్టేయడంతో రెండేళ్లుగా బడి మానేసింది.

“ఆస్పత్రిలో అడిగితే చక్రాల కుర్చీ సంక్షేమ ఆఫీసులో ఇస్తారన్నారు అయ్యగారూ. అక్కడ బడిపిల్లల్ని బడివాళ్లే చూడాలన్నారు. బడిలో డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నారు. కూలీ పోయింది, బస్సు చార్జీలు పోయాయి. ఇక తిరగలేక ఊరుకున్నానండీ” అన్నది.

ప్రార్థన చేసి లేచి రావడానికి మాకు మనసొప్పలేదు. నాలుగుచోట్ల విచారించాము. ఇలాంటి బిడ్డ మీ ఊళ్లోనూ ఉండవచ్చు గనుక తెలిసినది రాస్తున్నాము.

ఆ మూడు ఆఫీసులవారూ అబద్ధమాడలేదు. డబ్బు నిజంగానే మూడు సంచుల్లో ఉంది. ఆరోగ్యశాఖ తరఫున 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది. బడి మానేసిన బిడ్డ ఆ పరీక్షకూ అందదు. మా పాప విషయంలో జరిగింది అదే. విద్యాశాఖ సంచి సమగ్ర శిక్ష. ప్రత్యేక అవసరాలుగల ఒక్కొక్క బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల లెక్కన అందులో కేటాయింపు ఉంది. ఆడపిల్లకైతే నెలకు 200 చొప్పున పది నెలలు ఉపకారవేతనం కూడా. మూడవది కేంద్ర సామాజిక న్యాయశాఖవారి ఆడిప్ పథకం. కుర్చీలు, క్యాలిపర్లు, వినికిడి యంత్రాలు ఇచ్చేది అదే.

ఈ సంచులు కలిసే చోటు ఒకటి ఉంది. బడిపిల్లల పరికరాల ఖర్చులో 60 శాతం ఆడిప్, 40 శాతం విద్యాశాఖ పెట్టుకొనే ఏర్పాటు అది. అందుకు శిబిరాలు పెడతారు. డాక్టరు, ప్రత్యేక ఉపాధ్యాయులు, కాన్పూరు అలిమ్‌కో సంస్థవారు ఒకేచోట కూర్చుంటారు. 40 శాతానికి తగ్గని వైకల్య ధ్రువపత్రం, ఆదాయపత్రం, ఆధార్, ఫోటోలు చేతిలో ఉండాలి. బడి రిజిస్టరులో పేరుండడం అన్నిటికంటె ముఖ్యం. అందుకే మేము మొదట వెళ్లింది హెడ్‌మాస్టరుగారి దగ్గరికే.

కపెర్నహూములో పక్షవాయువుగల మనిషిని మోసినవారు నలుగురు. మా ఊళ్లో ధ్రువపత్రం కోసం ఒకరు, ఆటోకి ఒకరు, తల్లి కూలి పోయిన రోజుల్లో బియ్యానికి స్త్రీల సమాజం, ఇలా నలుగురికంటె ఎక్కువమందే పట్టారు.

అంతా సాఫీగా జరిగిందని చెప్పము. శిబిరంలో కొలతలు తీసుకున్నాక వస్తువులు చేతికి రావడానికి నెలలు పట్టింది. ఈలోగా పాప పెరిగింది. క్యాలిపర్లు బిగుతై మళ్లీ కొలతలివ్వవలసి వచ్చింది. ఎదిగే పిల్లల విషయంలో ఆలస్యమూ ఖర్చేనని పైవారికి ఎవరు చెబుతారో!

కుర్చీ మాత్రం సరిపోయింది. తీరా బడికి వెళ్తే గుమ్మం ముందు మూడు మెట్లు. హెడ్‌మాస్టరుగారి అనుమతితో మన యౌవనస్థులు ఒక శనివారం ఇసుక, సిమెంటు మోసి అక్కడ ఏటవాలు దారి పోశారు. సోమవారానికి అది ఇంకా పచ్చిగానే ఉందని, పాపను ఆ ఒక్క రోజుకు కుర్చీతో సహా ఎత్తి లోపల కూర్చోబెట్టారు.