నదికి చోటివ్వాలి సరే, ఎవరి చోటు?

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత ఇదే పెద్దది. ఇలా వరద వచ్చిన ప్రతిసారీ కరకట్ట పెంచాలన్న డిమాండే ముందుకొస్తుంది. కట్ట అవసరమే. కానీ కట్ట ఒక్కటే చాలదు.

నది పొంగితే కట్టకున్న తూములు మూసేయాలి. లేకుంటే గోదావరి నీరే ఊళ్లోకి ఎదురెక్కుతుంది. మూస్తే ఊళ్లో కురిసిన వాన బయటికి పోదు, మోటార్లతో తోడాల్సిందే. ఉపనదులదీ అదే పరిస్థితి. బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని, కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తాయి. గోదావరి నిండుగా ఉంటే ఆ నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తన్ని, కట్ట లేని పల్లపు పొలాలను, పేటలను ముంచుతాయి.

అందుకే కట్టలు పెంచడం కన్నా నది పరుచుకునే నేలను నదికే వదలాలన్న ఆలోచన బలపడుతోంది. నెదర్లాండ్స్ 30కి పైగా చోట్ల ఈ పని చేసింది. ఓవర్‌డీప్ అనే చోట రైతుల ఇళ్లను ఎత్తైన మట్టి దిబ్బల మీద మళ్లీ కట్టారు. ఆ దిబ్బల ప్రతిపాదన రైతుల నుంచే వచ్చింది.

మన దగ్గర ఆ చర్చలో ఎవరిని కూర్చోబెడతారు? ఏజెన్సీలో ఆదివాసుల భూమికి రక్ష 1/70 చట్టం. దాన్ని సడలించాలనే మాటే ఉండకూడదు. అయితే ఒడ్డు పొలాల్లో కూలికో కౌలుకో బతికే భూమిలేని దళితుల చేతిలో ఏ కాగితమూ ఉండదు. పట్టా చూసి నష్టం లెక్కగడితే వాళ్లు లెక్కలోకే రారు.

2013 భూసేకరణ చట్టం వాళ్లనూ గుర్తించింది. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ, ఆ పనే ప్రధాన జీవనాధారమైన కూలీలు, కౌలుదారులు కూడా ప్రభావిత కుటుంబాలే. చిక్కు ఎక్కడంటే, భూమిని సేకరించకుండా ‘నది స్థలం’ అని ముద్రవేస్తే ఆ రక్షణ దక్కడం కష్టం. 2024లో హైదరాబాద్ మూసీ ఒడ్డున పేదల గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసినప్పుడు ఈ భయమే కళ్లముందుకొచ్చింది.

కాబట్టి గోదావరి తీరంలో హద్దురాళ్లు పాతే ముందే మూడు పనులు జరగాలి. పట్టాలతో నిమిత్తం లేకుండా సాగు చేస్తున్నవాళ్లను, కూలీలను ఇంటింటికీ తిరిగి నమోదు చేయాలి. పెసా చట్టం ప్రకారం గ్రామసభను సంప్రదించాలి, ఆ సభలో దళిత పేటల మాటా వినాలి. మునగని చోట ఇళ్లు కట్టాకే పాత ఇళ్లు ఖాళీ చేయించాలి. నదికి చోటివ్వడం న్యాయమే. ఆ చోటు మొత్తం భూమిలేనివాళ్ల నుంచే తీసుకోవడం న్యాయం కాదు.