గ్రామపు లెక్కలో మనవారి వరుస

స్వగ్రామ మేదని అడిగినపుడు మన పెద్దలు ఊరి పేరు చెప్పి, చెఱువును, రావిచెట్టును, అమ్మవారి గుడిని ముచ్చటగా వర్ణించుచుండెడివారు. తాము ఏ వాడవారో, తమకు భూమి యుండెనో లేదో మాత్రము పలువురు చెప్పలేదు. గ్రామమును తెలిసికొన గోరువారికి మొదట కావలసినవి ఆ రెండు సంగతులే యని మా అభిప్రాయము.

ఇందుకు హైదరాబాదు నగరమునకు ఉత్తరముగా నున్న శామీర్‌పేట మంచి నిదర్శనము. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు అచట సంఘసేవ సాగింపగా, ఆచార్య శ్యామాచరణ్ దూబే ఆ ఊరి జీవనమును పరిశీలించి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అను ఆంగ్ల గ్రంథమును వెలువరించిరి. ఆ ఊరిలో బ్రాహ్మణులు, కోమట్లు, కాపులు, గొల్లలు, కుమ్మరులు, సాలెలు, చాకలివారు, మంగలివారు, మాలలు, మాదిగలు మొదలగువారును, ముస్లిములును నివసించుచుండిరి. వడ్రంగి నాగలి చేయనిదే, మాదిగ తోలుపని చేయనిదే రైతునకు సేద్యము సాగదు. పంట చేతికి వచ్చినపుడు రైతు వారికి ధాన్యము కొలిచి యిచ్చును. ఇట్లు ఒకరిపై నొకరు ఆధారపడియున్నను, మాల మాదిగల యిండ్లు ఊరికి ఎడముగనే యుండెను.

జనాభా లెక్కలు ఇట్టి సంగతులను అంకెలలో తెలుపును. 2011లో భారతదేశమున 83 కోట్లకు పైగా జనులు, అనగా నూటికి సుమారు 69 మంది, గ్రామములలో నుండిరి. ఇండ్లెన్ని, స్త్రీపురుషు లెందఱు, ఏడేండ్లలోపు పిల్ల లెందఱు, అక్షరాస్యు లెందఱు, షెడ్యూల్డు కులములవా రెందఱు అని గ్రామ గ్రామమునకును పట్టిక కలదు. పనివారి వరుసలలో సేద్యగాండ్రు వేఱు, వ్యవసాయ కూలీలు వేఱు. స్వంత భూమినో కౌలు భూమినో సాగుచేయువారు మొదటివారు. పరుల పొలములో కూలికి పోవువారు రెండవవారు. 2001లో దేశమున సేద్యగాండ్రు 12.7 కోట్లు, కూలీలు 10.7 కోట్లు. 2011 నాటికి సేద్యగాండ్రు 11.9 కోట్లకు తగ్గిరి, కూలీలు 14.4 కోట్లకు పెరిగిరి.

ఈ రెండవ వరుస మనకు పరాయిది కాదు. 1938లో భారత ప్రభుత్వము కూలీల వలసను నిలుపువఱకు మలయా రబ్బరు తోటలకు వచ్చిన తెలుగువారిలో పెక్కుమంది తీరాంధ్ర గ్రామములవారు. భూమి లేమి, అప్పులు, కఱవులు వారిని ఓడ నెక్కించెను. తోటలో అందఱును వరుస యిండ్లలో కాపురముండి, ఒకే హాజరుపట్టీలో పేర్లు వ్రాయించుకొనిరి. ఊరిలో తామున్న వాడను మనుమలకు చెప్పవలసిన పని కొందఱికి కలుగలేదు. కొందఱికి చెప్పుటకు మనసొప్పలేదు.

కావున స్వగ్రామమును చూడబోవు యువజనులకు మా మనవి యిది. ముందుగా ఇంటి పెద్దలను అడిగి, వారు విన్నంతవఱకు వ్రాసికొనుడు. ఆ ఊరి పట్టికను చదువుడు. అచటికి పోయినపుడు గుడిని దర్శించి, చెఱువును చూచి, అంతటితో మరలి రాకుడు. ఊరి చివరి వాడకును పోయి అచటి పెద్దలను పలుకరింపుడు. మన బంధువులు అచటనే యుండవచ్చును. తాతలు ఓడ నెక్కకున్నచో మనలో ఎందఱమో నేడు ఆ కూలీల వరుసలోనే లెక్కింపబడి యుందుము. ఆ సంగతి యెఱిగి పోయినవారికే స్వగ్రామము నిజముగా కనబడును.