మ్యాచ్ ఏ ఛానెల్‌లో వస్తుంది?

"నిన్నటిదాకా వచ్చిందిగా, ఇవాళ ఎందుకు రావట్లేదు?"

క్రికెట్ రోజుల్లో మన మైలవరంలో చాలా ఇళ్ళల్లో వినపడే మాట ఇది. పిల్లాడు రిమోటు నొక్కుతూనే ఉంటాడు. వాళ్ళ నాన్న కేబుల్ అబ్బాయికి ఫోను చేస్తాడు. ఆ ఛానెల్‌కి వేరే డబ్బు కట్టాలని చివరికి తేలుతుంది. ఆ డబ్బు ఎక్కడిది? ఇంటి ఖర్చులోదే. అందుకే అక్కలారా, ఈ సంగతి మనమూ తెలుసుకోవాలి.

ఆట జరిపించేది క్రికెట్ బోర్డు. ఆటను చూపించే హక్కును బోర్డు అమ్ముతుంది. మన వైపు మామిడి తోట కాపు అమ్ముతారు చూశారా, అలాగన్నమాట. తోట రైతుదే. కాపు మాత్రం కొన్నాళ్ళు వ్యాపారిది. గడువు తీరాక ఇంకొకరు ఎక్కువ ఇస్తే వాళ్ళకు పోతుంది. ఛానెల్ మారేది ఇందుకే. ఐపీఎల్ ఆటలు 2008 నుంచి 2017 దాకా సోనీలో వచ్చాయి. 2018లో స్టార్‌కి మారాయి.

2022లో మళ్ళీ వేలం జరిగింది. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ళ హక్కులు 48,390 కోట్ల రూపాయలకు పోయాయి. వేలం నాటి లెక్క ప్రకారం 410 మ్యాచ్‌లు. పలక తీసి భాగహారం చేయండి. ఒక్కో మ్యాచ్‌కు 118 కోట్లు! కొన్నవాళ్ళు ఆ డబ్బు ఎలా రాబట్టుకుంటారు? కొంత సబ్బులు, కూల్‌డ్రింకుల ప్రకటనల మీద. కొంత మనం నెలనెలా కట్టే డబ్బు మీద.

ఫోనులోనూ ఇదే కథ. 2023, 2024లో జియో సినిమాలో ఐపీఎల్ ఉచితంగా చూపించారు. అందరికీ అలవాటైంది. 2025 ఫిబ్రవరిలో జియో సినిమా, హాట్‌స్టార్ కలిసి ఒకటయ్యాయి. ఆ ఏడు ఐపీఎల్‌కి చందా అడిగారు. ఉచితం అన్నదానికి కూడా గడువు ఉంటుంది మరి.

మొదట్లో మనకు దూరదర్శన్ ఒక్కటే ఉండేది. 1993లో హీరో కప్పు పోటీలు జరిగాయి. బెంగాల్ క్రికెట్ సంఘం వాళ్ళు ఒక విదేశీ కంపెనీకి హక్కులు అమ్మారు. కుదరదు అంది ప్రభుత్వం. గొడవ కోర్టుకెక్కింది. దక్షిణాఫ్రికాతో సెమీఫైనల్‌లో చివరి ఓవరు సచిన్ వేశాడు. వాళ్ళకు 6 పరుగులు కావాలి, 3 పరుగులే ఇచ్చాడు. మనం గెలిచాం. ఆట ఆ రాత్రే ముగిసింది. కోర్టు కేసు మాత్రం 1995 దాకా నడిచింది.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టీవీ, రేడియో బొమ్మనీ మాటనీ మోసుకొచ్చే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఊరి చెరువు లాంటివి అనుకోండి. అవి సర్కారు ఒక్కదాని సొత్తూ కాదు, డబ్బున్నవాడి సొత్తూ కాదు. నాకు చాలా నచ్చిన తీర్పు ఇది.

2007లో ఒక చట్టం వచ్చింది. ముఖ్యమైన ఆటలు అని ప్రభుత్వం ప్రకటించిన వాటిని, హక్కులు కొన్న ఛానెల్ దూరదర్శన్‌కి కూడా ఇవ్వాలి. వాటి మీద దూరదర్శన్‌కి వచ్చే ప్రకటనల డబ్బులో 100కి 75 ఆ ఛానెల్‌కి, 25 ప్రసార భారతికి.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. పక్కింటి వదిన గారింట్లో దూరదర్శన్‌లో మ్యాచ్ వస్తుంది. మనింట్లో అదే దూరదర్శన్ పెడితే రాదు! ఎందుకు? వదిన గారిది ఫ్రీ డిష్, మనది కేబుల్. అలా ఇచ్చిన మ్యాచ్ దూరదర్శన్ సొంత ప్రసారాల్లోనే రావాలి, కేబుల్‌లో చూపకూడదు అని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్రీ డిష్‌కి గొడుగూ డబ్బా ఒకసారి కొంటే చాలు, నెల డబ్బు ఉండదు.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ అంటే పిచ్చి. 1992లో అక్కడి పెద్ద పోటీలు డబ్బు కట్టి చూసే స్కై ఛానెల్‌కి పోయాయి. అక్కడా జనం సణిగారు. వాళ్ళకింకో నియమం ఉంది. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా టీవీలో ప్రత్యక్షంగా ఆట చూపరు. జనం మైదానాలకు రావాలని, చిన్న జట్లు బతకాలని. చిత్రమేమిటంటే అదే ఆటను బెజవాడలో కూర్చుని చూడొచ్చు!

ఆడవాళ్ళ క్రికెట్ మాటేమిటి? మన నియోజకవర్గంలోని మూలపాడులో 2016 నవంబరులో భారత, వెస్టిండీస్ మహిళల జట్లు ఆడాయి. మహిళల ప్రీమియర్ లీగు హక్కులు 2023 నుంచి ఐదేళ్ళకు 951 కోట్లకు పోయాయి. మ్యాచ్‌కు 7 కోట్ల పైచిలుకు. మగవాళ్ళ 118 పక్కన పెట్టి చూడండి. తేడా పెద్దదే. అయితే 2025 నవంబరులో మన ఆడపిల్లలు ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది.

ఇక బిల్లు సంగతి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ నియమం ఒకటి అమలైంది. కావలసిన ఛానెల్ ఒక్కటే తీసుకోవచ్చు. దాని ధర ఎంతో చెప్పాలి. కట్ట మొత్తం తీసుకోమని బలవంతం చేయకూడదు. బిల్లు గాని రసీదు గాని అడిగి తీసుకోండి. కనెక్షన్ రుసుము ఎంత, ఛానెళ్ళకు ఎంత, పన్ను ఎంత అని చదవండి. ఐపీఎల్ అయిపోయాక ఆటల ఛానెల్ తీయించేయవచ్చు. అడిగేటప్పుడు డబ్బా మీది నంబరు చూసి చెబితే పని తొందరగా అవుతుంది.