మీకు తెలుసా? లావా కింద సముద్రం
గోదావరి ఒడ్డునున్న కొవ్వూరు వైపు, దుద్దుకూరు రాళ్లలో సముద్రపు నత్తల శిలాజాలున్నాయి. ఇప్పటి తీరం అక్కడికి పదుల కిలోమీటర్ల దూరం!

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట అది లోతులేని సముద్రం. దక్కన్ లావా పడమటి నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చి దాన్ని కప్పేసింది. లావా కిందా, పొరల నడుమా చిక్కిన సున్నపురాయిలో మరమేకులా మెలితిరిగిన టరిటెల్లా అనే నత్తల గుల్లలు కనిపిస్తాయి.

అలాంటి శిలాజాల కోసం మన పాడేరు కొండల్లోనే వెతుకుదామా? లాభం లేదు. ఈ కొండల్లోని ఖోండలైటు రాయి కూడా ఒకప్పటి బురదే. కానీ దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట, గుల్ల జీవులింకా పుట్టకముందే, భూగర్భంలో 800 డిగ్రీలు దాటి ఉడికిపోయింది.

దుద్దుకూరు వెళ్తే, క్వారీలోకి అనుమతి లేకుండా దిగకండి.